'రికార్డు లేదు' అని చెప్పే ముందు పాత కంప్యూటర్లో చూడాల్సినవి

సంపాదకులకు,

అయ్యా,

టీసీ నకలు కోసమో, పాత సర్వీసు వివరం కోసమో ఆదోని నుంచో ఆళ్లగడ్డ నుంచో బస్సెక్కి కర్నూలు వచ్చిన మనిషికి కౌంటర్లో తరచూ దొరికే జవాబు ఒకటుంది: "కంప్యూటర్లో మీ పేరు రావడం లేదు." చెప్పిన గుమస్తా తప్పేమీ చెప్పలేదు, తెర మీద నిజంగానే ఏమీ రాలేదు. కానీ పేరు రాకపోవడం వేరు, పేరు లేకపోవడం వేరు. విండోస్ ఎక్స్‌పీ, సర్వర్ 2003 లాంటి పాత వ్యవస్థల మీద ఇంకా నడుస్తున్న డేటాబేస్‌లలో ఈ రెండూ కలిసిపోతున్నాయి. చాలాచోట్ల రికార్డు చెక్కుచెదరకుండా లోపలే ఉంటుంది, వెతికే పద్ధతే దాన్ని అందుకోలేకపోతుంది. ఈ సంగతి తెలియక కొందరు మెకానిక్కులు "సిస్టం పాతదైపోయింది సార్, ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. ఫార్మాట్ కొడితే సమస్యతో పాటు రికార్డూ పోతుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేసుకోమని కోరుతున్నాం.

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, సర్వర్ 2003కు 2015 జూలై 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. మన జిల్లాల్లో వాటితో పాటు ఎక్కువగా కనిపించే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000కు 2013 ఏప్రిల్ 9తోనే ఆపింది. అలాంటి పెట్టెను ఇంటర్నెట్‌కు తగిలించకూడదు, అందులో రెండో మాట లేదు. అంతమాత్రాన అందులో వెతుకులాట పాడవ్వాలని ఏమీ లేదు. పోయినేడు దొరికిన పేరు ఈ ఏడు దొరకడం లేదంటే మధ్యలో ఏదో మారింది. డిస్కు నిండి ఉండవచ్చు, ఒక సర్వీసు ఆగి ఉండవచ్చు, గడియారం వెనక్కి పోయి ఉండవచ్చు, టైప్ చేసే మనిషో కీబోర్డో మారి ఉండవచ్చు.

మొట్టమొదట డిస్కు నకలు తీయాలి. పాత ఐడీఈ డిస్కును బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టరుతో వేరే కంప్యూటరుకు తగిలించి, డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీసుకోవాలి. టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే ఆ పని అదే రోజు కావాలి. ఇమేజ్ తీయకముందే చెక్‌డిస్క్ రిపేర్ నడపవద్దు. చెడిపోయిన సెక్టార్లున్న డిస్కులో అది ఫైళ్ల పట్టికను తనకు తోచినట్టు సరిచేస్తుంది, డేటాబేస్ ఫైలు అందులో ముక్కలైతే మళ్లీ అతకదు.

తరువాత ఒక చిన్న పరీక్ష. దొరకని మనిషిని పేరుతో కాకుండా అడ్మిషన్ నంబరుతోనో తేదీతోనో వెతకండి. నంబరుతో వరుస (ఆ మనిషి రికార్డు) వచ్చి పేరుతో రాలేదంటే రికార్డు ఉంది, తప్పు పదాల వెతుకులాటలో ఉంది. నంబరుతో కూడా రాకపోతే అప్పుడు మాత్రమే బ్యాకప్‌ల వైపు, కాగితపు రిజిస్టరు వైపు వెళ్లాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

వరుస దొరికిందనుకుందాం. అందులోని పేరును కంటితో చూసి నమ్మకూడదు, కోడ్‌లలో చూడాలి. సర్వర్‌ను ప్రశ్నలడిగే క్వెరీ ఎనలైజర్లో ఆ కాలమ్‌ను వార్‌బైనరీగా, అంటే ముడి బైట్లుగా, మార్చి చూపించమంటే హెక్సాడెసిమల్ (పదహారు లెక్క) అంకెల వరుస వస్తుంది. పేరు యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి), అంటే ఎన్‌వార్‌క్యార్ కాలమ్‌లో, సరిగ్గా ఉంటే ఒక్కో అక్షరానికి రెండు బైట్లుంటాయి, ప్రతి రెండో బైటూ 0సి అయి ఉంటుంది. 'రవి' అన్న పేరు 300సి 350సి 3ఎఫ్0సి అని కనిపిస్తుంది: ర, వ, ఆపైన గుడి. ఇక్కడ ఒక మోసం ఉంది. 3ఎఫ్0సి అంటే గుడి, 3ఎఫ్00 అంటే ప్రశ్నార్థకం. తొందరలో ఈ రెంటినీ ఒకటిగా చదివి, బాగున్న డేటాను పోయిన డేటాగా లెక్కగట్టడం జరుగుతుంటుంది. పేరంతా 3ఎఫ్00లే వరుసగా ఉంటే మాత్రం అది నిజంగా పోయినట్టే. ఎక్కించేటప్పుడు కోట్ గుర్తుకు ముందు 'ఎన్' అక్షరం పెట్టకపోతే సర్వర్ తెలుగును తన కోడ్‌పేజీలోకి (పాత పద్ధతి అక్షరాల పట్టికలోకి) మార్చబోయి, కుదరక, ఒక్కో అక్షరానికీ ఒక్కో ప్రశ్నార్థకం రాసేస్తుంది. దాన్ని ఏ కన్వర్టరూ వెనక్కి తేలేదు, కాగితం చూసి మళ్లీ ఎక్కించాల్సిందే. వెతికే క్వెరీలో (సర్వర్‌ను అడిగే ప్రశ్నలో) 'ఎన్' మరిచిపోయినా ఇదే జరుగుతుంది, కాకపోతే అప్పుడు డేటా క్షేమం, ప్రశ్న మాత్రమే ప్రశ్నార్థకాలవుతుంది. ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క అక్షరం చేరిస్తే చాలు.

ప్రశ్నార్థకాలు కనబడగానే 'యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష'ను తెలుగుకు మార్చమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దానివల్ల ఉపయోగం లేదు. విండోస్‌లో తెలుగుకు పాత పద్ధతి కోడ్‌పేజీ అంటూ ఏదీ లేదు, తెలుగు యూనికోడ్‌గానే వచ్చింది. విజువల్ బేసిక్ 6 (వీబీ 6)తో రాసిన ప్రోగ్రాముల్లో మామూలు టెక్స్ట్‌బాక్సులు యూనికోడ్‌ను పట్టుకోలేవు, ఆ స్థానంలో ఫారమ్స్ 2.0 బాక్సులు పెట్టాలి. ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు విడివిడిగా, వత్తులు పక్కకు జరిగి కనబడితే అది మరో సంగతి. కంట్రోల్ ప్యానెల్‌లోని రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి ఫైళ్లు ఎక్కించాలి. అది చూపించే తీరులో లోపమే కానీ వెతుకులాటకు అడ్డం కాదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. రెండు పేర్లు కంటికి ఒకేలా ఉండి కోడ్‌లలో వేరుగా ఉండటం తెలుగులో బాగా ఎక్కువ. 'నంద్యాల'నే తీసుకోండి. కొందరు టైపిస్టులు సున్నా కోసం తెలుగు అంకె సున్నాను కొడతారు: 'న౦ద్యాల'. తెర మీద చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. మామూలు పదుల లెక్కలో చెబితే పూర్ణానుస్వారం కోడ్ 3074, అంకె సున్నా కోడ్ 3174. సర్వర్‌కు ఇవి రెండు వేర్వేరు ఊర్లు. ఇలా ఎక్కిన డేటాలో వెంకటయ్యలు, గంగమ్మలు, రంగన్నలు, అంజనేయులు అందరూ కనబడకుండా పోతారు. మల్లేశులు, ఓబులేశులు మాత్రం ఠంచనుగా దొరుకుతారు. "కొన్ని పేర్లే రావడం లేదు" అని ఎవరైనా అంటే మొదట ఆ పేర్లన్నిట్లో సున్నా ఉందేమో చూడండి.

రెండోది కనబడని అక్షరం. 'రాజ్‌కుమార్' అని రాసేటప్పుడు 'కు' కిందికి వత్తుగా దిగకుండా పొల్లు తరువాత కోడ్ 8204 చేరుస్తారు. అది లేకపోతే 'రాజ్కుమార్' అవుతుంది. ఇక్కడైతే కంటికి తేడా తెలుస్తుంది. 'కర్నూల్' చివర పొల్లు తరువాత అదే అక్షరం చేరితే తెర మీద ఏ గుర్తూ ఉండదు. దాని జంట 8205 కూడా అంతే. వార్‌బైనరీలో 8204ను (హెక్సాడెసిమల్‌లో 200సి) వెతికేవాళ్లు బైట్ల వరుస తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి. 0సి20 అని కనబడితే అది ఈ కనబడని అక్షరం, 200సి అని కనబడితే అది మన 'ఠ'. మూడోది ఐత్వం. అది ఒకే కోడ్‌గా, 3144గా ఉండవచ్చు. ఎత్వం 3142, దాని వెంట 3158 అని రెండు ముక్కలుగానూ ఉండవచ్చు. చూపులో రెండూ ఒక్కటే. వెబ్‌ పేజీల నుంచి అతికించిన పేర్ల చివర మామూలు ఖాళీ బదులు కోడ్ 160 ఉండటం ఇంకొకటి. ఖాళీలు కత్తిరించే మామూలు ట్రిమ్ దాన్ని తీయదు.

వీటన్నిటికీ మేం నమ్మే మందు ఒకటే. అసలు పేరు కాలమ్‌ను ముట్టుకోకూడదు, అది సర్టిఫికెట్ మీదికి వెళ్లే పేరు. పక్కన ఇంకో ఎన్‌వార్‌క్యార్ కాలమ్ పెట్టి, అందులో పేరు నకలు తీసి, దాన్ని మాత్రమే శుభ్రం చేయాలి. 8204, 8205 తీసేయాలి. 160ని ఖాళీగా మార్చి, జంట ఖాళీలను ఒకటి చేయాలి. ఐత్వం ముక్కలను 3144గా కలపాలి. అంకె సున్నాను అనుస్వారం చేసేటప్పుడు ముందున్నది తెలుగు అక్షరమో గుణింతపు గుర్తో అయితేనే మార్చాలి. '౧౦' లాంటి అంకెను మారిస్తే ఇంటి నంబర్లు పాడవుతాయి. వెతికేవాళ్లు కొట్టిన పేరును కూడా ఇదే జల్లెడలో వేసి, ఆ తరువాతే పోల్చాలి. ఈ చివరి పని మరిచిపోతే మొదటి కష్టమంతా వృథా.

ఈ రీప్లేస్‌లు (మార్పు ఆదేశాలు) నడిపేటప్పుడు కాలమ్‌కు లాటిన్1 జనరల్ బిన్ కొలేషన్ చెప్పి తీరాలి. కొలేషన్ అంటే అక్షరాలను పోల్చే నియమం, బిన్ రకం నేరుగా కోడ్‌లనే పోలుస్తుంది. కనబడని అక్షరాలకు మామూలు కొలేషన్‌లో బరువు ఉండదు, అంటే పోలికలో లెక్కకు రావు, అందువల్ల రీప్లేస్ వాటిని పట్టుకోకుండా "అయిపోయింది" అని చెబుతుంది. కొలేషన్ గురించి ఇంకో పరీక్ష కూడా చేయండి. 'రవి', 'సీత' రెండూ సమానమా అని సర్వర్నే అడగండి, ముందు 'ఎన్' పెట్టి. సమానమే అని జవాబిస్తే ఆ కొలేషన్‌కు తెలుగు అక్షరాల వరుస తెలియదని అర్థం. అలాంటిచోట ఒక పేరు అడిగితే సంబంధం లేని పేర్లన్నీ వచ్చి పడతాయి. బిన్ కొలేషన్‌తో పోలిస్తే ఆ గోల పోతుంది.

ఇక ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే ముందే కట్టిన పదాల సూచిక (కేటలాగు) ద్వారా వెతకడం. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో ఇది డేటాబేస్‌లో భాగం కాదు. మైక్రోసాఫ్ట్ సెర్చ్ అనే వేరే సర్వీసు, ఎఫ్‌టీడేటా ఫోల్డర్లో వేరే కేటలాగు. డేటాబేస్ బ్యాకప్‌లోకి ఆ కేటలాగు రాదు. అందుకే బ్యాకప్‌ను వేరే పెట్టెలో ఎక్కించిన రోజు డేటా మొత్తం కనబడుతుంది, వెతికితే ఒక్కటీ రాదు. ఫుల్ పాపులేషన్ (కేటలాగును మొదటి నుంచి నింపడం) నడిపితే వస్తుంది. ఎంఎస్‌డీఈ అనే ఉచిత రకంలో అయితే ఈ సౌకర్యమే లేదు, అక్కడ దాని కోసం గింజుకోవడం అనవసరం.

కొత్తగా ఎక్కించిన పేర్లు మాత్రమే రావడం లేదంటే పాపులేషన్ ఆగిపోయింది. కేటలాగు స్థితి అడిగితే ఒక అంకె వస్తుంది: 0 అంటే ఖాళీగా ఉంది, 1 అంటే పూర్తి పాపులేషన్ నడుస్తోంది, 8 అంటే డిస్కు నిండి ఆగిపోయింది. పాత పెట్టెల్లో సీ డ్రైవు 10, 20 జీబీలకు మించి ఉండదు, కేటలాగు అక్కడే ఉంటుంది, కాబట్టి 8 కనబడటం వింతేమీ కాదు. 0 ఉన్నా పేర్లు రాకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి మైక్రోసాఫ్ట్ సెర్చ్ రాసిన వాక్యాలు చదవండి. ఎన్ని వరుసలు చదివిందో, ఎన్నింట్లో విఫలమైందో అక్కడ ఉంటుంది. సున్నా వరుసలు చదివానంటే, ఎవరో భద్రత పేరుతో బిల్టిన్ అడ్మినిస్ట్రేటర్స్ లాగిన్ తీసేసి ఉంటారు. ఆ సర్వీసు ఆ లాగిన్ మీదే డేటాలోకి వస్తుంది. అలాగే ఎస్‌క్యూఎల్ సర్వీసు ఖాతాను గానీ పాస్‌వర్డును గానీ కంట్రోల్ ప్యానెల్‌లోని సర్వీసెస్‌ నుంచి మార్చితే ఫుల్ టెక్స్ట్‌ తెగిపోతుంది, ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ నుంచే మార్చాలి.

మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల కూడా ఈ గొడవలో భాగస్వామే. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. రాత్రిపూట పాపులేషన్ నడపాల్సిన జాబ్‌కు ప్రారంభ తేదీ ఒకటుంటుంది, గడియారం దానికంటే వెనక ఉంటే జాబ్ కదలదు. ఏ ఎర్రర్ కూడా రాదు. వేసవి కోతల తరువాత "కొత్త పేర్లు రావడం లేదు" అనే ఫిర్యాదు వస్తే ముందు తెర మూలనున్న తేదీ చూడండి. బిళ్ల ధర తక్కువే, ఏ వాచీల కొట్లోనైనా దొరుకుతుంది.

7619 నంబరు ఎర్రర్ వస్తే అది పాడవడం కాదు. వదిలేయాల్సిన పదాల జాబితాలో ఇంగ్లిష్ ఒంటి అక్షరాలు, ఒంటి అంకెలు ఉంటాయి. ఇంటిపేరు పొట్టి అక్షరాన్ని ఇంగ్లిష్‌లో 'కె' అని కొట్టి వెతికితే "నువ్వడిగినవన్నీ వదిలేసే పదాలే" అని సర్వర్ అంటోంది. ఎఫ్‌టీడేటా కింద కాన్ఫిగ్ ఫోల్డర్లో నాయిస్ ఫైళ్లుంటాయి, ఆ జాబితాలు అవే. వాటిలోంచి ఆ అక్షరాలు తీసేసి, ఫుల్ పాపులేషన్ మళ్లీ నడపాలి. ఫైలు మార్చి ఊరుకుంటే ఏమీ మారదు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పాత రకాల్లో ఇదే బాధ ఇంకో రూపంలో ఉంది. అందులో మైఐసామ్ రకం పట్టికల్లో 4 అక్షరాల కంటే చిన్న పదం ఇండెక్సులోకి ఎక్కదు. 'రవి', 'సీత' కోడ్‌ల లెక్కన మూడేసి అక్షరాలే, కాబట్టి వాళ్లు లేనట్టే. 'రాజు' నాలుగు, ఉంటాడు. మై.ఇని ఫైల్లో కనీస పద పొడవును 2 చేసి, సర్వీసు ఆపి మొదలుపెట్టి, పట్టికను రిపేర్ టేబుల్ క్విక్‌తో తిరిగి కట్టించాలి. సగం కంటే ఎక్కువ వరుసల్లో ఉన్న పదాన్ని కూడా అది మామూలు పద్ధతిలో వదిలేస్తుంది. ఒక్క ఊరి జాబితాలో ఆ ఊరి పేరే దొరకకపోవడానికి కారణం అదే.

మా అభిప్రాయం అడిగితే, యాభై వేల వరుసల లోపు జాబితాకు ఫుల్ టెక్స్ట్ అవసరమే లేదు. శుభ్రం చేసిన కాలమ్ మీద లైక్ అనే ఆదేశంతో రెండు వైపులా శాతం గుర్తు పెట్టి వెతికితే పాత పెంటియం 4 పెట్టె కూడా కొద్ది సెకన్లలో జవాబిస్తుంది. సర్వీసులు, కేటలాగులు, నాయిస్ ఫైళ్లు అన్న బెడద ఉండదు.

యూనికోడ్‌కు ముందటి అను లాంటి ఫాంట్లతో ఎక్కించిన డేటా మరో జాతి. అక్కడ తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల వేషంలో ఉంటుంది. పెద్ద బడి అక్షరం ఒక తెలుగు ముక్క, చిన్న బడి అక్షరం మరో ముక్క. పెద్ద, చిన్న తేడా చూడని కొలేషన్‌లో ఈ రెండూ ఒకటైపోయి ఒకరి పేరుకు ఇంకొకరు వస్తారు. కామాలు, కోట్‌లు కూడా అక్షరం ముక్కలే కనుక ఫుల్ టెక్స్ట్ వాటి దగ్గర పదాన్ని విరిచేస్తుంది. వత్తు ముందు కొట్టినా గుణింతం ముందు కొట్టినా అచ్చులో ఒకేలా పడుతుంది, లోపల వేర్వేరు. ఆ డేటాను యూనికోడ్‌లోకి మార్చి వేరే కాలమ్‌లో పెట్టడమే దారి. ఏ కన్వర్టరైనా సరే, పూర్తిగా నడిపే ముందు క్ష, జ్ఞ, స్త్ర, ర్య లాంటివి ఉన్న ఒక వంద పేర్లు ఏరి, కాగితంతో పోల్చి చూడండి.

కోడ్‌లన్నీ సరిగ్గా ఉన్నా దొరకని పేర్లుంటాయి. ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు, ఎర్రగుంట్ల, యర్రగుంట్ల, ఎల్లప్ప, యల్లప్ప. మొదటి అక్షరం దగ్గరే దారి చీలుతుంది కాబట్టి మొదటి అక్షరంతో మొదలయ్యే ఏ వెతుకులాటా పనిచేయదు. ఇంగ్లిష్‌లో ఎక్కించిన పేర్లకు సౌండెక్స్ (పలికే తీరును బట్టి పేర్లను కలిపే పద్ధతి) వాడినా ఇంతే. అది లక్ష్మి రెండు స్పెల్లింగులను కలుపుతుంది కానీ వై, ఇ తో మొదలయ్యే ఎర్రిస్వాములను కలపలేదు. ఇలాంటి జంటల పట్టిక ఒకటి చేతితో రాసుకోవాలి, మన జిల్లాలకు అది పెద్దదేమీ కాదు. కడప ఇంగ్లిష్ స్పెల్లింగు 2005లో మారింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి, కడప, చిత్తూరుల నుంచి అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. ధర్మవరం మనిషిని శ్రీసత్యసాయి జిల్లా అని ఎంచుకుని వెతికితే పాత పట్టికలో దొరకడు, అక్కడ అతను ఇంకా అనంతపురం వాడే. వెతికేటప్పుడు జిల్లా పెట్టెను ఖాళీగా వదలమని కౌంటర్ సిబ్బందికి చెప్పడం అన్నిటికంటే సులువు.

చివరికి ఈ పెట్టెల నుంచి బయటపడాల్సిందే. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000తో తీసిన బ్యాకప్‌ను ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 గానీ ఆపైవి గానీ తీసుకోవు. మధ్యలో 2008 ఆర్2లో ఎక్కించి, అక్కడ బ్యాకప్ తీసి, దాన్ని పైకి తీసుకెళ్లాలి. ఉచితంగా దొరికే 2008 ఆర్2 ఎక్స్‌ప్రెస్ 10 జీబీ వరకు మోస్తుంది. ఫుల్ టెక్స్ట్ కావాలంటే అందులో అడ్వాన్స్‌డ్ సర్వీసెస్ ఉన్న రకం ఎంచుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 రకం నుంచి తెలుగుకు పద విభజన కూడా ఉంది, భాష నంబరు 1098. ఫైళ్లు మోసేటప్పుడు నెట్‌వర్క్‌లో పాత పెట్టె కనబడటం లేదని కొత్త విండోస్‌లో ఎస్‌ఎంబీ 1ను (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) తెరవకండి, 2017 మేలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం వ్యాపించింది ఆ దారినే. పెన్‌డ్రైవ్ వాడండి, దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసి. ఎఫ్‌ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌ను అదనపు అప్‌డేట్ లేని ఎక్స్‌పీ గుర్తించదు.

పాత కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేసే ముందు కొత్త వ్యవస్థలో వరుసల సంఖ్య పాతదానితో సరిపోయిందో లేదో చూసి, సున్నా ఉన్న పేర్లు కొన్ని, పొల్లుతో ముగిసే పేర్లు కొన్ని వెతికించి, ఆ కాగితం మీద బాధ్యుడి సంతకం తీసుకున్నాకే డిస్కులు బయటికి పంపాలని జిల్లా అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. మీ పత్రిక ద్వారా కోరేది ఇదే.

ఇట్లు,
పాత డేటాబేస్‌ల మరమ్మతు చేసే కొందరు సాంకేతిక నిపుణులు,
కర్నూలు